ఏ ఇంటి బుజ్జి?

రాత్రి తొమ్మిదిన్నరకి మా మేనల్లుడు జంపని నుంచి ఫోన్ చేశాడు. కరోనా రోజుల్లో ల్యాప్‌టాప్ సంచీతో ఊరొచ్చి, నెలకోసారి ఆఫీసులో కనపడితే చాలన్నారని అక్కడే ఉండిపోయిన కుర్రాడు. మా అక్కవాళ్ళ మిద్దె మీది గదిలో ఓ బల్ల, ఓ ఇన్వర్టర్, చేలవైపు కిటికీ. అదీ వాడి ఆఫీసు.

"మావయ్యా, నా మిషన్లో బ్రహ్మాండంగా నడుస్తంది. సర్వర్లో పెడితే పని చెయ్యట్లా."

"ఏమంటంది?"

"నేమ్ నాట్ ఫౌండ్ అంటంది."

"ఏ పేరు?"

అవతల మాట లేదు. సాయంత్రం ఆరింటి నుంచి ఆ ఎర్రక్షరాల ముందే కూర్చున్నాడు. నెట్‌లో దొరికిన నాలుగు చిట్కాలు వరసగా అతికించి చూశాడు. వాటిలో ఒకటి వైల్డ్‌ఫ్లైకి రాసింది, ఇంకొకటి వెబ్‌లాజిక్‌కి. వాడు వాడుతున్నదేమో టామ్‌క్యాట్. మూడున్నర గంటల్లో దొరకని పేరేదో మాత్రం చదవలేదు.

వాణ్ణి తప్పు పట్టను. ఇరవై ఏళ్ళ పైబడి సర్వర్ల దగ్గరే ఉన్నాను. ఈ తప్పు నేను చెయ్యని ఏడాది లేదు. ఎర్రక్షరాలు కనపడగానే మన కళ్ళు చదవడం మానేసి వెతకడం మొదలెడతాయి. ఈ అధ్యాయం పొడుగునా మీ చేత చేయించదలచుకున్నది ఒక్కటే: 'ఏ పేరు?' అని ఆగి అడగడం, ఆ పేరు ఎవరిదో తేల్చుకోవడం.

జంపనిలో ఏ బజార్లోనైనా నిలబడి "బుజ్జీ!" అని ఓ కేక వెయ్యండి. కనీసం ముగ్గురు తల తిప్పుతారు. ఒకరికి ఆరేళ్ళుంటాయి, ఇంకొకరికి అరవై. అయినా ఎవరింట్లో వాళ్ళకి బుజ్జి అంటే ఎవరో అనుమానం లేదు. అదే బుజ్జి రేషన్ కార్డులో వెంకట సుబ్బారావు. ఆ సుబ్బారావు ఈ ఏడు కాలవ పక్క ఇంట్లో ఉంటాడు, వచ్చే ఏడు తెనాలిలో అద్దెకి దిగుతాడు. ఇంట్లో పిలుపు ఒకటి, రికార్డులో పేరు ఒకటి, మనిషి ఉండే చోటు ఒకటి. వాళ్ళమ్మ "బుజ్జీ" అని పిలవడానికి రికార్డు చూడదు. రికార్డు రాసేవాడికి వాడి ముద్దుపేరు అక్కర్లేదు.

జావా సర్వర్లలో డేటాబేస్‌ని పట్టుకోవడం అచ్చంగా ఇదే. పేరు చెబితే వస్తువు తెచ్చిచ్చే ఏర్పాటుని జేఎన్‌డీఐ అంటారు. సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని 1997లో బయటపెట్టింది. 1999 చివర్లో పెద్ద సంస్థల కోసం జావా ప్రమాణం మొదటిసారి వచ్చినప్పుడు అదీ అందులో భాగం. అంతకుముందు ప్రోగ్రామర్లు డేటాబేస్ అడ్రసు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అన్నీ కోడ్‌లోనే రాసేవాళ్ళు. ముందు అన్నాను గానీ, అమీర్‌పేటలో కోచింగ్ నోట్సుల జిరాక్సులు తిరగేస్తే ఇప్పటికీ మొదటి పాఠం అలాగే ఉంటుంది. మొదటి పాఠంగా తప్పు లేదు. చాలామందికి అదే ఆఖరి పాఠం కావడమే చిక్కు.

అడ్రసు కోడ్‌లో ఎందుకు రాయకూడదో మా ఊరివాళ్ళకి చెప్పడం తేలిక. మా తాతల కాలంలో జంపని పాలన మద్రాసు నుంచి. 1953లో రాజధాని కర్నూలు, 1956లో హైదరాబాదు, రాష్ట్రం విడిపోయాక అమరావతి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, మాది వేమూరు మండలం అయింది. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, మేం మాత్రం బాపట్ల జిల్లాలోకి వెళ్ళాం. ఇన్ని మారినా ఊళ్ళో ఒక్క ఇల్లు కదల్లేదు. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు చినరావూరు దాటాక జంపనిలోనే ఆగుతుంది. ఊరి పేరు పట్టుకుని వచ్చినవాడికి ఏ ఇబ్బందీ లేదు. 'గుంటూరు జిల్లా' అని రబ్బరు స్టాంపు చెక్కించుకున్నవాడే కొత్తది చేయించుకోవాల్సి వచ్చింది. మీ కోడ్‌లో డేటాబేస్ అడ్రసు రాస్తే, మీరు చెక్కిస్తున్నది ఆ స్టాంపే.

ఇప్పుడు కాస్త చేతులు మురికి చేసుకుందాం. కింద చెప్పే పేర్లన్నీ తెలుగులో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దా చిన్నా అక్షరాల తేడాతో సహా ఉన్నదున్నట్టు కొట్టాలి. సర్వర్‌కి 'డీబీ'లో రెండో అక్షరం పెద్దదైతే ఒక మనిషి, చిన్నదైతే వేరే మనిషి.

మావాడు రాస్తున్నది గోదాముల్లో సరుకు లెక్కలు చూసే అప్లికేషన్. కోడ్‌లో వాడు పిలిచిన పేరు 'జావా:కాంప్/ఈఎన్‌వీ/జేడీబీసీ/గోడౌన్‌డీఎస్'. ఇందులో 'జావా:కాంప్/ఈఎన్‌వీ' అంటే 'మా ఇంట్లో' అని. అది ఆ ఒక్క అప్లికేషన్ గడప లోపలి లోకం. అదే సర్వర్ మీద పక్క అప్లికేషన్‌కీ ఓ గోడౌన్‌డీఎస్ ఉండొచ్చు, అది దాని బుజ్జి. తర్వాతి 'జేడీబీసీ' కేవలం అలవాటు, డేటాబేస్ పేర్లన్నీ ఒక అరలో పెట్టుకోమని పెద్దలు చెప్పిన పద్ధతి. చివరిది ముద్దుపేరు.

టామ్‌క్యాట్‌లో ఈ ముద్దుపేరుని మనిషికి కట్టే చోటు కాంటెక్స్ట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు. అందులో రిసోర్స్ అని ఒక పలక పెట్టి పేరు, డ్రైవర్, అడ్రసు, పాస్‌వర్డ్ రాస్తే ఇంట్లోనే మనిషి ఉన్నట్టు. మావాడి ల్యాప్‌టాప్‌లో జరిగింది అదే. అందుకే అక్కడ బ్రహ్మాండంగా నడిచింది. సర్వర్‌కి పంపేటప్పుడు మాత్రం పాస్‌వర్డ్ ఉన్న ఆ ఫైలుని పైఅధికారి తీసేయించాడు. తీసేయించడం న్యాయమే. దాని బదులు ఏం పెట్టాలో ఎవరూ చెప్పలేదు, వీడూ అడగలేదు. అసలు సర్వర్‌లో డేటాబేస్ వివరాలు సర్వర్ ఎక్స్‌ఎంఎల్‌లో, గ్లోబల్ నేమింగ్ రిసోర్సెస్ అనే భాగంలో ఉన్నాయి. అది రేషన్ కార్డుల రిజిస్టరు. అక్కడ రాసినంత మాత్రాన ఇంట్లోవాళ్ళకి కనపడదు. 'మా బుజ్జి అంటే రిజిస్టర్లో ఫలానా' అని ఒక వరస అప్లికేషన్ వైపు రాయాలి. దాని పేరు రిసోర్స్ లింక్. అందులో నేమ్ అన్నచోట ఇంటి పిలుపు, గ్లోబల్ అన్నచోట రికార్డు పేరు. ఈ రెండూ ఒకటే కానక్కర్లేదు. ఒకటే పెట్టుకుంటే సుఖమని కొందరంటారు. నాకైతే వేరుగా ఉంటేనే నయం, ఏది ఎవరిదో చూడగానే తెలుస్తుంది.

వాణ్ణి ఎర్రక్షరాలు పైకి చదవమన్నాను. చదివాడు. 'జేడీబీసీ/గోడౌన్‌డీఎస్' అనే పేరు ఈ కాంటెక్స్ట్‌లో కట్టిలేదు, 'జేడీబీసీ' దొరకలేదు అని అర్థం వచ్చేలా ఉంది.

ఇక్కడ ఆగాలి. టామ్‌క్యాట్ దొరకలేదన్నది గోడౌన్‌డీఎస్ కాదు, అంతకు ముందున్న జేడీబీసీ. అంటే ఆ ఇంట్లో బుజ్జి లేకపోవడం కాదు, అసలు ఆ గదే లేదు. డేటాబేస్ పేరు ఒక్కటీ ఈ అప్లికేషన్‌కి కట్టిలేదన్నమాట. అక్షరం తప్పు కోసం వెతకడం దండగ. జేడీబీసీ దొరికి, గోడౌన్‌డీఎస్ ఒక్కటే దొరకలేదని ఉంటే అప్పుడు స్పెల్లింగ్ చూడాలి. ఒకే రకం ఎర్రక్షరాలు, రెండు వేర్వేరు జబ్బులు. కుండలీకరణాల మధ్య ఉన్న ఆ ఒక్క మాట చదివితే మూడున్నర గంటలు మిగిలేవి.

ఇంకో జబ్బు ఉంది, ఇది మరీ తికమక పెడుతుంది. వెబ్ ఎక్స్‌ఎంఎల్‌లో 'నాకు గోడౌన్‌డీఎస్ కావాలి' అని రిసోర్స్ రిఫ్ రాసి, ఇచ్చేవాడు ఎవరూ లేకపోతే టామ్‌క్యాట్ పేరు దొరకలేదు అనదు. మర్యాదగా ఓ ఖాళీ కార్డు చేతిలో పెడుతుంది. కనెక్షన్ అడిగినప్పుడు మాత్రం డ్రైవర్ పేరు ఖాళీ, అడ్రసు నల్ అని అరుస్తుంది. అది చూసి కుర్రాళ్ళు డ్రైవర్ జార్ ఫైళ్ళు మార్చి మార్చి పెడుతుంటారు. డ్రైవర్‌కి ఏ రోగమూ లేదు. కార్డు మీద పేరు ఉంది, లోపల మనిషి లేడు.

ఎలాగూ జార్ ఫైలు మాట వచ్చింది కాబట్టి: సర్వరే కనెక్షన్లు తయారుచేసి ఇస్తున్నప్పుడు డ్రైవర్ ఉండాల్సింది సర్వర్ లిబ్ ఫోల్డర్‌లో, మీ అప్లికేషన్ పొట్టలో కాదు. సైకిళ్ళకి గాలి కొట్టే పంపు షాపులో ఉండాలి గానీ అద్దెకి తీసుకున్నవాడి ఇంట్లో ఉంటే ఏం లాభం?

సైకిల్ షాపు అన్నానుగా, అదీ చెప్పేస్తాను. నా చిన్నప్పుడు గంటకింతని సైకిల్ అద్దెకిచ్చే షాపులు ఊరూరా ఉండేవి. షాపాయన దగ్గర ఎనిమిది సైకిళ్ళుంటే ఎనిమిదిమందే తొక్కగలరు, తొమ్మిదోవాడు అరుగు మీద కూర్చోవాలి. డేటాబేస్ పేరు చెబితే చేతికొచ్చే వస్తువుని డేటా సోర్స్ అంటారు, దాని వెనక ఉండే కనెక్షన్ల పూల్ ఆ షాపే. టామ్‌క్యాట్ మామూలు పూల్‌లో మీరేమీ చెప్పకపోతే సైకిళ్ళు నిజంగానే ఎనిమిది. దాన్ని మార్చే మాట మాక్స్ టోటల్. టామ్‌క్యాట్ ఏడులో దాన్నే మాక్స్ యాక్టివ్ అనేవాళ్ళు. టామ్‌క్యాట్ ఎనిమిదికి మారినవాళ్ళు పాత మాటే ఉంచేస్తే సర్వర్ లాగ్‌లో ఓ హెచ్చరిక రాసి, మీరు యాభై అని రాసినా పక్కన పడేసి, ఎనిమిది సైకిళ్ళతోనే నడుపుతుంది. లాగ్ ఎవరు చదువుతారు? టామ్‌క్యాట్ వాళ్ళదే ఇంకో పూల్ ఉంది, అందులో ఇప్పటికీ మాక్స్ యాక్టివే. నెట్‌లో చిట్కా అతికించేవాళ్ళని ముంచేది ఇలాంటివే.

తొమ్మిదోవాడు ఎంతసేపు కూర్చోవాలో చెప్పేది మాక్స్ వెయిట్ మిల్లిస్. ఏమీ రాయకపోతే సైకిల్ వచ్చేదాకా కూర్చుంటాడు, రాత్రయినా సరే. అప్లికేషన్ చచ్చినట్టు కనపడుతుంది గానీ ఎర్రక్షరం ఒక్కటీ ఉండదు. పది సెకన్లో పదిహేనో రాసి పెట్టండి, కనీసం ఏడ్చి చెబుతుంది. ఇచ్చేముందు గాలి చూసివ్వడం టెస్ట్ ఆన్ బారో. వాడాక క్లోజ్ అనడమంటే సైకిల్‌ని తుక్కు చెయ్యడం కాదు, షాపులో అప్పజెప్పడం. అప్పజెప్పని ఒక్క దారి కోడ్‌లో ఎక్కడో ఉంటే, ముఖ్యంగా తప్పు జరిగినప్పుడు బయటపడే దారిలో, సాయంత్రానికి షాపు ఖాళీ. పొద్దున సర్వర్ ఆపి మళ్ళీ మొదలెడితే బాగవుతుంది, సాయంత్రానికి మళ్ళీ అదే. 'రోజుకోసారి రీస్టార్ట్ చెయ్యాలండీ, అది అంతే' అని మామూలు చేసేసుకున్న చోట ఒకప్పుడు నేనూ పనిచేశాను. ఆరు నెలలు దానికి మనిషిని పెట్టాం. తప్పు ఒక్క వరసలో ఉంది.

అలాగని సైకిళ్ళు ఎడాపెడా పెంచకండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా ఒప్పుకునేది వంద కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్ 151. ఒక్కో సర్వర్‌లో ముప్ఫై చొప్పున నాలుగు సర్వర్లుంటే నూటఇరవై. ఏ ఒక్క సర్వర్‌లో చూసినా లెక్క సరిగ్గానే ఉంటుంది, అందరూ డేటాబేస్ దగ్గరికి వచ్చేసరికి ఇరుకు.

వేరే సర్వర్లలో మాటలు వేరు, కథ ఇదే. వైల్డ్‌ఫ్లైలో రికార్డు పేరు 'జావా:జేబాస్/డేటాసోర్సెస్' అని మొదలవడం అలవాటు. ఇంటి పిలుపుకి దాన్ని కట్టే చోటు జేబాస్ వెబ్ ఎక్స్‌ఎంఎల్. వెబ్‌లాజిక్‌లో డేటా సోర్స్ తయారుచేసి, ఏ సర్వర్‌కి ఇవ్వాలో టార్గెట్ గుర్తు పెట్టడం మర్చిపోతారు. కార్డు ముద్రించి పంచకుండా బీరువాలో పెట్టినట్టు. వెబ్‌స్ఫియర్‌లో నేరుగా రికార్డు పేరుతో పిలిస్తే పని జరుగుతుంది గానీ, ఇలా పిలవడం పాత పద్ధతి అని లాగ్‌లో జే2సీఏ0294డబ్ల్యూ నంబరుతో గొణుగుతుంది. గ్లాస్‌ఫిష్‌లో పూల్ బతికుందో లేదో పింగ్ కొట్టి చూసే ఆదేశం ఉంది. అది నాకు చాలా ఇష్టం, అప్లికేషన్‌తో పని లేకుండా సగం అనుమానం తీరుతుంది.

సర్వర్ బయట, మెయిన్ మెథడ్ ఉన్న చిన్న ప్రోగ్రామ్ నుంచి 'జావా:కాంప్' అని పిలిస్తే ఇనిషియల్ కాంటెక్స్ట్ లేదు అంటుంది. నిజమేగా, ఇల్లే లేనప్పుడు ఇంట్లో బుజ్జి ఎవరు?

టామ్‌క్యాట్ పదికి మారేవాళ్ళకి ఒక్క మాట. జావాఎక్స్ అని ఉన్నవన్నీ జకార్తాగా మార్చాలని విని, ఎడిటర్‌లో మొత్తం ఒక్క దెబ్బకి మార్చేస్తారు. జావాఎక్స్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ నేమింగ్ మాత్రం మారవు. అవి సర్వర్ ప్రమాణానివి కావు, మూల జావావి. సర్వ్‌లెట్లు మారతాయి, రిసోర్స్ అనే అనొటేషన్ మారుతుంది, డేటా సోర్స్ అలాగే ఉంటుంది. జిల్లా మారింది కదాని ఊరి పేరు కూడా మార్చి రాసినట్టు ఉంటుంది ఈ దెబ్బ.

పేరు చెబితే వస్తువు వస్తుంది అన్నదాంట్లో ప్రమాదమూ ఉంది. 2021 డిసెంబరులో లాగ్ ఫోర్ జే అనే లైబ్రరీ గొడవ ప్రపంచం మొత్తాన్ని రాత్రిళ్ళు నిద్ర లేకుండా చేసింది, మా టీము రెండు వారాంతాలు ఆఫీసులోనే గడిపింది. లాగ్‌లో రాసే మాటల్లో ప్రత్యేకమైన గుర్తులు కనపడితే ఆ లైబ్రరీ దాన్ని పేరనుకుని జేఎన్‌డీఐకి పంపేది. ఎక్కడో కూర్చున్న దొంగ లాగిన్ పెట్టెలో తన సర్వర్ అడ్రసుని అలాంటి పేరుగా టైపు చేస్తే, మన సర్వర్ వెళ్ళి వాడి దగ్గర్నుంచి వస్తువు తెచ్చుకుని నడిపేది. తీవ్రత కొలమానంలో దానికి పదికి పది వేశారు. కాబట్టి వెతకాల్సిన పేరు ఎప్పుడూ మీరు రాసిందై ఉండాలి, బయటివాడు టైపు చేసింది కాకూడదు. వీధిలో పోయేవాడు చెప్పిన పేరుకి తలుపు తియ్యరు కదా.

"ఇవన్నీ పాతకాలం కబుర్లు మావయ్యా, ఇప్పుడు స్ప్రింగ్ బూట్‌లో ప్రాపర్టీస్ ఫైల్లో పెట్టేస్తారు" అన్నాడు వాడు ఓ సందర్భంలో. పెడతారు. ఆ ఫైల్లో పాస్‌వర్డ్ ఉండకూడదని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు రాస్తారు. ఆ పేరుకి విలువ ఇంకెక్కడో ఎవరో కడతారు. అంటే ఇంటి పిలుపు, రికార్డు పేరు, ఉండే చోటు. ఎక్కడికి పోయినా ఈ మూడూ వెంట వస్తాయి. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో పాత సర్వర్లు ఇంకా దండిగా నడుస్తున్నాయి. నా అంచనాలో మా మేనల్లుడు రిటైరయ్యేదాకా ఉంటాయి.

సరే, ఆ రాత్రికి వద్దాం. ఒక కాగితం తీసుకోమన్నాను. మూడు గళ్ళు గీసి, మొదటి గడిలో కోడ్ పిలిచే పేరు, మూడో గడిలో సర్వర్‌లో ఉన్న రికార్డు పేరు, మధ్య గడిలో ఆ రెంటినీ కట్టే వరస ఏ ఫైల్లో ఉందో రాయమన్నాను. మొదటిది వెంటనే రాశాడు. మధ్యది ఖాళీ. మూడోది వాడికి సరిగ్గా తెలియదు, హైదరాబాదులో సర్వర్లు చూసే అమ్మాయిని అడగాలి.

"ఏమని అడుగుతావు?"

"సర్వర్లో పని చెయ్యట్లా, ఒకసారి చూడండి మేడమ్ అని."

అలా అడిగితే ఆవిడ ఏం చూడాలి? ఇలా రాయించాను: 'మేడమ్, గోడౌన్ అప్లికేషన్ జేడీబీసీ/గోడౌన్‌డీఎస్ అనే పేరు కోసం చూస్తోంది. మా వైపు రిసోర్స్ లింక్ లేదు, నేను చేరుస్తాను. సర్వర్ ఎక్స్‌ఎంఎల్‌లో మీరు పెట్టిన రిసోర్స్ పేరు అక్షరం పొల్లు పోకుండా కాపీ చేసి పంపగలరా?' మీకు కావాల్సింది ఏమిటి, మీరేం చేస్తున్నారు, అవతలివాళ్ళు చెయ్యాల్సింది ఎంత, మూడూ ఉన్నాయి. సర్వర్ల దగ్గర కూర్చునేవాళ్ళకి రోజుకి నలభై 'పని చెయ్యట్లేదు'లు వస్తాయి. ఇలాంటిది వస్తే ముందు దీనికే జవాబిస్తారు, నేనైతే ఇస్తాను.

జవాబు వచ్చేదాకా ఆగలేక, గుర్తున్న పేరుతో లింక్ రాసి చూశాడు. మళ్ళీ ఎర్రక్షరాలు. "మావయ్యా, మళ్ళీ అదే!"

"అదేనా? చదువు."

చదివాడు. ఈసారి దొరకనిది జేడీబీసీ కాదు, గోడౌన్‌డీబీ. గొంతులో తేడా నాకు ఫోన్లోనే తెలిసింది. "ఇది నాది కాదు మావయ్యా, రిజిస్టర్లోది!" ఇంట్లో పిలుపు అందింది, రికార్డు దగ్గర ఆగింది. ఐదు నిమిషాల్లో ఆవిడ పంపిన పేరులో చివరి బి పెద్దక్షరం, వీడు రాసింది చిన్నది. మార్చాడు. పదకొండింటికి తెరమీద గోదాముల జాబితా వచ్చింది. స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపాడు.

చూశాను. వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె, అన్ని గోదాముల పక్కనా జిల్లా గడిలో ఒకటే మాట ఉంది.

"మన ఊరు ఏ జిల్లారా?"

"బాపట్ల."

"మరి ఈ గుంటూరు ఎక్కణ్ణుంచి వస్తంది, డేటాబేస్ నుంచా?"

కాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి. ఆ తర్వాత చిన్నగా, "కాదు మావయ్యా, కోడ్‌లో రాశా."